జమీలక్క సూది

పొద్దున పాలగిన్నె బండ మీద పెట్టిన చప్పుడుకు మా ఇంట్లో నాలుగు తలలు రావాలి. ఆ రోజు మూడే వచ్చాయి. జొన్న రాలేదు. తిండి దగ్గర అన్నిటికంటే ముందుండేది అదే, కన్నతల్లిని కూడా నెట్టేసి గిన్నెలో మూతి పెట్టే రకం. "యాడ సచ్చిందో" అని అలవాటు కొద్దీ తిట్టుకుంటూ వెతికాను. ఆ మాట అన్నందుకు నా నోటిని నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాను.

మాది తాండూరు. ముందు కందిపప్పు దుకాణం, వెనక గోదాం, గోదాం పక్కన మేముండే మూడు గదులు. ఇంట్లో మేమిద్దరం, పిల్లులు నాలుగు. తల్లిపిల్లి పేరు బేగం. దాని నడక చూస్తే ఇంకో పేరు పెట్టబుద్ధి కాదు. దానికి మూడు నెలల కూనలు మూడు. బస్తాల మధ్య పుట్టాయి కదా అని తెల్లదానికి జొన్న, నల్లదానికి మినుము, ఎర్రమచ్చల దానికి కంది అని మా ఆయనే పేర్లు పెట్టాడు.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. కందులు దిగే రోజుల్లో గోదాములు నిండుతాయి, వాటితోపాటే ఎలుకలూ దిగుతాయి. తినే గింజలున్న చోట ఎలుకల మందు పెట్టం. ఎవరింట్లో మంచి పిల్లి ఉంటే వాళ్లని అడిగి నాలుగు రోజులు తెచ్చుకుంటారు. తీసుకుపోయేటప్పుడు గోనెసంచిలో వేసి మూతి కడతారు. దారి చూసిందంటే పిల్లి సాయంత్రానికల్లా సొంతింటికి వచ్చేస్తుంది. పని అయ్యాక మళ్లీ సంచిలోనే తెచ్చి దింపుతారు. మా బేగంకు ఈ పనిలో మంచి పేరు. మా ఆయన పప్పును మెచ్చుకున్నవాళ్లను నేను ఎక్కువ మందిని చూడలేదు గానీ, బేగంను మెచ్చుకోనివాళ్లు లేరు.

అంతకు వారం ముందే బేగం వెనక వీధిలో ఖాజా భాయ్ గోదాములో నాలుగు రోజులుండి వచ్చింది. ఖాజా భాయ్ భార్య జమీలక్క స్వయంగా సంచి మోసుకొచ్చి మా వరండాలో మూతి విప్పింది. సంచి ఉంచుకోమని చెప్పి చాయ్ తాగి వెళ్లింది.

జొన్న మంచం కింద దొరికింది. నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంది, తాగడం లేదు. చేత్తో పట్టుకోగానే పచ్చటి నురగ కక్కింది. పది నిమిషాలకు మళ్లీ కక్కింది. నా బుర్రలో ఒక్కటే మెరిసింది: మందు! ఖాజా భాయ్ గోదాములో ఎలుకల మందు పెట్టి ఉంటారు, బేగం మందు తిన్న ఎలుకను పట్టుకుని ఉంటుంది, ఆ విషం ఎట్లాగో నా కూనకు అంటింది. ఎట్లా అంటిందో ఆలోచించే ఓపిక నాకెక్కడిది? కొంగు దోపుకుని వెనక వీధికి పోయాను.

"జమీలక్కా! ఎలుకల మందు పెట్టిన్రా లేదా? నిజం చెప్పు."

"ఏందే సుజాతా, పొద్దుగాల్నే? మందు పెట్టేదుంటే మీ పిల్లినెందుకు అడుగుతం?"

"మరి నా జొన్న ఎందుకు పచ్చగ కక్కుతున్నది? నీ గోదాంకెళ్లి వచ్చినంకనే గిట్లైంది."

"జర ఆగు. నా మాటిను. మా గోదాంల గూడ మొన్న..."

"నీ గోదాం సంగతి నాకెందుకు? మూగజీవాన్ని నమ్మి పంపిస్తే విషం పెట్టి పంపిస్తరా!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జమీలక్క లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేనేదో గెలిచినట్టు ఇంటికొచ్చాను.

ఆ రోజంతా విషానికి విరుగుడు చేశాను. మజ్జిగ పట్టాను, గుడ్డు తెల్లసొన పట్టాను. జొన్న రెండూ కక్కేసింది. మా ఆయన "డాక్టర్‌కు చూపెడ్దామా" అని ఒకసారి అన్నాడు. "కక్కితే మందు దిగిపోతది, నువ్వూకో" అన్నాను. మా ఇంట్లో నేను ఊకోమంటే ఆయన ఊకుంటాడు. ఆ ఒక్కరోజు ఆయన నా మాట వినకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దునకు జొన్న మెడ నిలవడం లేదు. మినుము కూడా పాలు ముట్టకుండా మూలకు పోయి కక్కింది. అప్పుడు నాకు భయమేసింది. మా ఆయన ఊళ్లో బర్రెలను చూసే డాక్టర్‌కు ఫోన్ చేశాడు. ఆయన మంచి మనిషి, తిప్పి తిప్పి చెప్పలేదు. "పిల్లుల టెస్టు కిట్ నా దగ్గర లేదు. వికారాబాద్‌ల ఒక డాక్టరమ్మ ఉన్నది, ఇప్పుడే పొండి, మూడింటినీ తీసుకపొండి" అన్నాడు.

కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పాత చీర పరిచి, పైన చున్నీ కట్టి బస్సెక్కాను. కండక్టర్ "ఏమమ్మా, కోళ్లా?" అన్నాడు. "పిల్లులయ్యా, జబ్బు చేసింది" అన్నాను. ఇంకేమీ అడక్కుండా కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు. దారి పొడవునా చున్నీ కింద చెయ్యి పెట్టి మూడు పొట్టలూ తడుముతూనే ఉన్నాను. మినుముది వేడిగా ఉంది, కందిది మామూలుగా ఉంది, జొన్నది చల్లబడుతోంది.

డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. "వాంతులు ఎన్నడు మొదలైనయ్ ఆంటీ?" అని అడిగింది. నిన్న పొద్దున అన్నాను. "నిన్నటి సంది ఏమిచ్చిన్రు?" మజ్జిగ, తెల్లసొన అని చెప్పాను. ఆ అమ్మాయి నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. జొన్న విరేచనం కొద్దిగా పుల్లతో తీసి కిట్‌లో వేసింది. కాసేపటికి రెండు ఎర్ర గీతలు వచ్చాయి.

"ఇది విషం కాదు ఆంటీ. ఎఫ్‌పీవీ పాజిటివ్. పాన్‌ల్యూకోపీనియా అంటరు, పిల్లులకొచ్చే వైరస్. పేగులను పట్టుకుంటది, డబ్ల్యూబీసీని, అంటే రక్తంల తెల్లకణాలను, పడగొడ్తది. చూడనీకి అచ్చం మందు తిన్నట్టే ఉంటది. చానామంది గట్లనే మోసపోతరు."

"మందు లేదా అమ్మా?"

"వైరస్‌ను చంపే మందు లేదు. డీహైడ్రేషన్ కాకుండ ఫ్లూయిడ్స్ ఇస్తం, వాంతులకు ఇంజెక్షన్, ఇన్ఫెక్షన్ రాకుండ యాంటీబయాటిక్. మనం పిల్లిని నిలబెడ్తే, వైరస్ సంగతి పిల్లే చూసుకుంటది."

జొన్న ముందుకాలికి క్యాన్యులా పెట్టి డ్రిప్ ఎక్కించింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని దాని చెవి రుద్దుతున్నాను. సగం సీసా కూడా దిగలేదు. ఒకసారి నోరు తెరిచింది, అరుపు రాలేదు. డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి, తీసి, డ్రిప్ ఆపేసింది. నిన్నే తీసుకొచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. "చెప్పలేం ఆంటీ. ఛాన్స్ ఎక్కువుండేది" అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, అందుకు ఆమె మీద నాకు గౌరవం. కానీ ఆ మాట నన్ను ఎక్కడ పొడిచిందో నాకే తెలుసు.

ఏడవడానికి టైమివ్వలేదు. మినుముకు వాంతుల ఇంజెక్షన్ చేసి, రోజుకు రెండుసార్లు చర్మం కింద ఆర్ఎల్ సెలైన్ ఎక్కించాలి అంది. రెండుపూటలా తాండూరు నుంచి వికారాబాద్ వస్తే రోజంతా ప్రయాణానికే పోతుంది, ఇంట్లో మీరే చేయాలి అని చెప్పి, మెడ దగ్గర తోలు గుడారంలా ఎత్తి సూది ఎట్లా గుచ్చాలో చూపించింది. కందికి ఇంకా ఏమీ లేకపోయినా వదిలిపెట్టొద్దు, ఒకటి రెండు రోజుల్లో దానికీ రావచ్చు అంది. బేగం సంగతి అడిగితే, పెద్దది కదా, ఎప్పుడో తగిలి తట్టుకుని ఉంటుంది అంది. చివరికి ఇంకో మాట అడిగింది.

"ఈ పది రోజులల్ల ఇంటికి కొత్త పిల్లి గాని, వేరే పిల్లులు పండుకున్న బట్ట, బుట్ట గిట్ల గాని వచ్చినయా? ఇది మనుషులకు రాదు, కని వస్తువుల మీద నెలలకు నెలలు బతుకుతది."

"అట్లాంటిదేం లేదమ్మా" అన్నాను ధైర్యంగా.

జొన్నను తువ్వాలులో చుట్టి తీసుకొచ్చాను. మా ఆయన చెలక పొలంలో లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాడు. ఇంటికొచ్చి బుట్ట తెరిచానో లేదో, మినుము తూలుకుంటూ వరండా మూలకు పోయి అక్కడ పడుకుంది. దాని కింద గోనెసంచి. సంచి మీద ఖాజా భాయ్ దుకాణం ఎర్ర మార్కు. బేగం వచ్చిన సంచి! మెత్తగా ఉంది కదా అని దులిపి, మడిచి, కూనలకు పడకేసింది నేనే. వారం నుంచి మూడూ దాని మీదే దొర్లుతున్నాయి. మినుమును ఎత్తి వేరే బట్ట మీద పడుకోబెట్టి, ఆ సంచిని పెరట్లోకి విసిరేశాను.

సాయంత్రం సెలైన్ టైమైంది. తోలు ఎత్తాను, సూది పట్టాను, నా వేలికే గుచ్చుకున్నాను. రెండోసారి సూది తోలులోంచి అవతలికి వచ్చి సెలైనంతా నా ఒళ్లో పోయింది. మా ఆయనను పట్టమంటే గోడకు ఆనుకున్నాడు. "బస్తా మొయ్యమను, మోస్త. సూది నాతోని కాదు" అన్నాడు. మినుము కళ్లు లోపలికి పోతున్నాయి. మా బజారులో చెయ్యి వణక్కుండా సూది పట్టే మనిషి ఎవరా అని వెతికితే ఒక్క ముఖమే కనబడింది. ఖాజా భాయ్‌కి షుగర్. ఏళ్ల తరబడి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది వేసేది జమీలక్కే.

వెనక వీధికి నిన్న పోయినంత వేగంగా కాళ్లు పడలేదు. తలుపు తీసి, నన్ను చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నిన్న గంత గొంతు చేసినవ్. ఇయ్యాల ఏమైంది?"

"తప్పయింది అక్కా. విషం కాదట. అంటురోగమట. మినుముకు సూది వెయ్యాలె, నా చేతకాట్లేదు."

"జొన్న?"

"పోయింది."

జమీలక్క లోపలికి పోయి చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వచ్చింది. "నడువ్" అంది, అంతే. మా వరండాలో కూర్చుని రెండు చేతుల గాజులూ మోచేతుల దాకా పైకి తోసుకుంది, చప్పుడైతే పిల్లి బెదురుతుందని. తోలు ఎత్తింది, గుచ్చింది. సెలైన్ దిగి మినుము భుజం మీద చిన్న గడ్డలా ఉబ్బింది.

"నిన్న ఏదో చెప్పబోయినవ్ గద అక్కా" అని అడిగాను.

"మా గోదాంల ఎవరిదో పిల్లి ఈని మూడు కూనలను పెట్టింది. మూడు గూడ గిట్లనే పచ్చగ కక్కి సచ్చిపోయినయ్. తల్లి యెటో పోయింది, అందుకే మీ బేగంను అడిగినం. ఎవరన్న మందు పెట్టిన్రేమో అని మేం గూడ మస్తు పరేషాన్ అయినం. మా కూనలు కక్కవట్టిన మూడో దినం పోయినయ్, నీది జల్ది డాక్టర్‌కు చూపెట్టు అని చెప్దామనుకున్న. నువ్వు చెప్పనిస్తివా?"

సంచి సంగతి చెప్పాను, పడకేసింది నేనేనని చెప్పాను. "ఆ సంచి నేను దెచ్చిందే గద. నా కూనలు గూడ దాని మీదనే పండుకున్నయ్. సగం నాది" అంది. ఇద్దరం కలిసి ఆ సంచిని పెరట్లో కాల్చేశాం.

అప్పటి నుంచి రెండు పూటలా జమీలక్క వచ్చేది. మూడోరోజు కంది కూడా పడిపోయింది. మినుము రెండు రోజులు ఊగిసలాడి, ఐదోరోజు వాంతులు ఆపింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకుని ఊరికే ఉన్నానా? రోగం ఇంట్లో ఉండకూడదని ఇల్లంతా చిక్కటి ఫినాయిల్‌తో కడిగాను, బండల సందులు కూడా వదల్లేదు. గంట తిరక్కుండా మినుము నోట్లోంచి చొంగ ధారలు కట్టింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఈసారి మాత్రం కోప్పడింది. "ఫినాయిల్ పిల్లులకు విషం ఆంటీ! పైగా దాంతోని ఈ వైరస్ చావది. వెంటనే కాళ్లు కడగండ్రి, వేరే రూముల పెట్టండ్రి. నేల మంచినీళ్లతోని కడిగి, తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టండ్రి, ఆరినంకనే పిల్లులను వదలండ్రి." విషం విషం అని ఊరంతా అరిచినదాన్ని, చివరికి ఆ ఇంట్లో విషం పోసింది నేనే. మినుము కాళ్లు కడుగుతూ ఏడ్చాను. సాయంత్రానికి చొంగ తగ్గింది.

కంది మాత్రం దిగజారుతూ పోయింది. ఆరోరోజు పొద్దున థర్మామీటర్‌లో తొంభై ఏడు చూపించింది. జ్వరం తగ్గింది అని నేను సంతోషపడ్డాను. ఫోన్‌లో డాక్టరమ్మ గొంతు మారింది. "నార్మల్ కంటే కిందికి పోవుడు మంచిది కాదు ఆంటీ. వేడినీళ్ల సీసాలు బట్టల్ల చుట్టి రెండు పక్కల పెట్టండ్రి. సెలైన్ గూడ గోరువెచ్చగ చేసి ఎక్కించండ్రి. రేపటి దాక చూద్దం" అంది. తీసుకురావాలా అంటే, బస్సు కుదుపులకు తట్టుకోలేదు, ఉంచండి అంది.

ఆ రోజు దుకాణం తెరవలేదు. కంది తడిబట్టలా పడి ఉంది. ఎత్తితే ఎట్లా పెడితే అట్లా ఉంటోంది. జమీలక్క సూది గుచ్చినా తోలు కదల్లేదు. నమాజుకు ఇంటికి పోయి మళ్లీ వచ్చింది, నేను సీసాల్లో నీళ్లు మారుస్తూనే ఉన్నాను. బేగం కిటికీ అవతల కూర్చుని లోపలికి చూస్తోంది, ఒక్కసారి కూడా అరవలేదు. "నన్ను తిడ్తున్నదక్కా అది" అన్నాను. "తిట్టనియ్. నీళ్లు సల్లగైనయ్ సూడు" అంది జమీలక్క.

ఏడోరోజు పొద్దున జమీలక్క ఎప్పటిలాగే గాజులు గలగలమంటూ వరండాలోకి వచ్చింది. కూర్చుంది. గాజులు పైకి తోసుకుంది. చప్పుడు ఆగింది. అంతే, రెండు రోజులుగా చెవి కూడా కదపని కంది తల ఎత్తింది. ముందుకాళ్లు ఈడ్చుకుంటూ, వెనక కాళ్లు రాక, సీసాల మధ్యలోంచి మంచం వైపు పాకడం మొదలుపెట్టింది. నాకు ముందు అర్థం కాలేదు.

"సుజాతా! సూదికి బెదిరి పారిపోతున్నదే ఇది!" అంది జమీలక్క. "పారిపో బిడ్డా, పారిపో!"

చేతిలో సూది అలాగే పట్టుకుని ఆమె ఏడుస్తోంది, నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. మా ఆయన దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి ముఖాలు చూసి కంది పోయిందనుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నానికి టెంపరేచర్ నూరు దాటింది. మర్నాడు కోడి ఉడికించిన నీళ్లు నా వేలు మీంచి నాలుగు చుక్కలు నాకింది. పదకొండో రోజు వికారాబాద్ తీసుకుపోతే డాక్టరమ్మ రక్తం చూసి, డబ్ల్యూబీసీ పెరిగింది, గట్టి పిండం అంది.

ఇప్పుడు మినుము, కంది గోదాములో బస్తాలెక్కి దొర్లుతున్నాయి. బేగంతో సహా మూడింటికీ టీకాలు వేయించాం. పిల్లిని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి మా బజారులో ఇంకా ఉంది. గోనెసంచి మాత్రం పోయింది. కడగడానికి వీలున్న ప్లాస్టిక్ బుట్టలో, టీకా కార్డు పైన పెట్టి పంపిస్తాం. ఈసారి కందులు దిగగానే బేగంను మొదట అడిగింది జమీలక్కే. బుట్ట నేనే మోసుకుపోయి దింపి, ఆమె పెట్టిన చాయ్ తాగి వచ్చాను.

పిల్లులున్న వాళ్లకు నాకు తెలిసింది ఒక్కటి చెప్తాను. కూన రెండోసారి కక్కిందంటే ఎవరేం పెట్టారో వెతకొద్దు. ఆ పూటే బస్సెక్కండి, టెస్టు చేయించండి. దారిలో ఎవరన్నా "మా ఇంట్ల గూడ గిట్లనే" అని మొదలుపెడితే ఆగి చివరిదాకా వినండి. నేను వినలేదు, జొన్నకు ఒక రోజు తక్కువైంది.

జమీలక్క రోజూ సాయంత్రం వస్తుంది. మినుము ఆమె ఒళ్లోకి ఎక్కుతుంది. కంది మాత్రం దూరంగా కూర్చుని ఆమె చేతులకేసి చూస్తుంటుంది. కడుక్కోవడానికో, పిండి కలపడానికో ఆమె గాజులు పైకి తోసుకుని ఆ చప్పుడు ఆగిందంటే చాలు, మంచం కిందికి దూరుతుంది. "చూడవే, ప్రాణం బోసినదాన్ని పట్టుకొని దొంగను చూసినట్టు చూస్తది" అని తిడుతుంది జమీలక్క. తిడుతూనే వంగి మంచం కిందికి చూస్తుంది, పారిపోయిందో లేదోనని.